ముప్పై దాటిన మగాళ్ళు కరోకేలో పాడదగ్గ యానిమే పాటలు చెప్పండి

రాయగడ_35
అన్నలూ తమ్ముళ్ళూ ఒక సలహా కావాలి. మాది రాయగడ. దసరాకి మా ప్లస్ టూ బ్యాచ్ అంతా ఊరొస్తాం, మజ్జిగౌరమ్మ దర్శనం అయ్యాక రాత్రి ఎవడో ఒకడి మేడ మీద కరోకే పెడతాం, పెద్ద సెటప్ ఏం కాదు, టీవీలో యూట్యూబ్, రెండు మైకులున్న బ్లూటూత్ స్పీకరు, అంతే. ఎప్పుడూ బాలు గారి పాటలు, తర్వాత కుమార్ సానూ, మా ఒడియా ఫ్రెండ్స్ అక్షయ మహంతి పాటలు, ఇలాగే తెల్లారిపోతాది. ఈసారి నేను యానిమే పాట, అంటే జపాన్ కార్టూన్ సిరీస్‌లలో వచ్చే పాట పాడదామని డిసైడయ్యాను. నాకిష్టమైనవి టోక్యో గౌల్ సిరీస్‌లోని అన్‌రావెల్, డీమన్ స్లేయర్‌లోని గురెంగే. కానీ నా గొంతు కింద స్థాయిలో బానే ఉంటాది, పైకెళ్తే చీలిపోతాది. ప్రాక్టీస్ మొదలెడితే మా ఆవిడ వంటగది తలుపేసేస్తోంది. వినేవాళ్ళలో సగం మందికి యానిమే అంటే చిన్నపిల్లల కార్టూన్ అనే తెలుసు, పెళ్ళాలూ పిల్లలూ కూడా ఉంటారు. నవ్వులపాలు కాకుండా ఏవి పాడొచ్చు?

బరంపురం_బాత్రూం_సింగర్
గురూ అన్‌రావెల్ జోలికి మాత్రం వెళ్ళకు. అది పాడిన టీకే గొంతే మగాళ్ళందరికీ అందని ఎత్తులో ఉంటుంది, మొదలే మ్యూజిక్ దాదాపు లేకుండా సన్నగా గుసగుసలాడినట్టు మొదలవుతుంది, అక్కడ శ్రుతి తప్పితే దాచుకోవడానికి వెనకాల ఏమీ ఉండదు, తర్వాత ఒక్కసారిగా అరుపులు. గురెంగే లీసా పాట, ఆడగొంతు. కీ, అంటే పాట శ్రుతి, నాలుగైదు మెట్లు తగ్గిస్తే అందుతుంది గానీ ఊపిరి తీసుకోవడానికి సందే ఇవ్వదు. చాలామంది ఏం చేస్తారంటే ఆడవాళ్ళ పాటని అదే కీలో ఒక స్థాయి కింద పాడేస్తారు, అప్పుడు చరణం మొత్తం గొణుగుడులా వినపడి పాట చచ్చిపోతుంది. ఇవాంజెలియన్ పాటకి కూడా ఇదే గతి, 1995లో యోకో తకహాషి పాడింది, వినడానికి ఎంతో తేలిగ్గా ఉంటుంది, మైకు పట్టుకుంటే తెలుస్తుంది.

నీలాంటి గొంతుకి నా ఓటు స్లామ్ డంక్ ఎండింగ్ పాటకే, సెకాయ్ గా ఒవరు మదే వా, వాండ్స్ అనే బ్యాండ్ వాళ్ళది, 1994. మగగొంతు, నడక నిదానం, చరణం కింద స్థాయిలో మొదలై మెల్లగా పైకెళ్తుంది కాబట్టి గొంతు వేడెక్కే టైముంటుంది. పైగా విరహం పాటలా ఉంటుంది, బాలు గారి పాట తర్వాత పెట్టినా ఎవడికీ తేడా కొట్టదు. అర్థం తెలీకపోయినా రెండో పెగ్గు మీదున్నోడు కళ్ళు తుడుచుకుంటాడు.

ఇంకోటి, ఏ పాటైనా టీవీ సైజు వెర్షనే పెట్టుకో, ఎపిసోడ్ ముందొచ్చే ఆ నిమిషంన్నర ముక్క. ఫుల్ పాట నాలుగు నిమిషాలుంటుంది, తెలీని భాషలో నాలుగు నిమిషాలంటే జనం బిర్యానీ వైపు చూస్తారు.

బల్లార్‌షా_తమ్మి
అన్నా మాది చంద్రపూర్ జిల్లా, ఈడ తెలుగోల్లు, మరాఠోల్లు, హిందీ అన్నీ కలిసే ఉంటయి. నా మాట ఇను, జపనీస్ పాట తర్వాత సంగతి, ముందుగాల మోగ్లీ పాట పాడు. నవ్వకు. జంగిల్ బుక్ అసలు జపాన్ యానిమేనే, 1989లో నిప్పాన్ యానిమేషన్ తీసింది. దూరదర్శన్‌ల ఆదివారం వచ్చేటప్పుడు హిందీ పాట గుల్జార్ రాసిండు, మ్యూజిక్ విశాల్ భరద్వాజ్. మన ఏజ్ వాళ్ళకి ఒడిశా అయినా మహారాష్ట్ర అయినా గదే పాట, చడ్డీ ఏసుకున్న పువ్వు అనంగనే వదినెలు కూడా అందుకుంటరు. జనం నీ దిక్కు వచ్చినంక "గిది కూడా యానిమేనే" అని చెప్పి జపనీస్‌ది మొదలుపెట్టు.

డ్రాగన్ బాల్ జీ గురించి ఒక్క ముచ్చట. చా-లా హెడ్-చా-లా మస్తు పాట, కానీ మనం చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌ల చూసింది డబ్బింగు, గా పాట మనకి టీవీల రాలే. అందుకని దాని హీరో గోకూ పేరు తెల్సినోడికి కూడా ట్యూన్ గుర్తుండది. హుషారుంది కాబట్టి నడుస్తది, కానీ "అరే చిన్నప్పటి పాట" అని ఎవడూ ఎగరడు. కగెయామా అది పాడినప్పుడు 28 ఏండ్లోడు, గా గొంతు మనకి యాడికెల్లి వస్తది.

గుణుపురం_గుంటడు
బల్లార్షా తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. నేను పాట గురించి కాదు, లిరిక్స్ గురించి చెప్తాను. స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి పాడితే ప్రతి పదం దగ్గరా తడబడతావు బావ్. పాటని తెలుగు లిపిలో కాగితం మీద రాసుకో. జపనీస్‌లో కూడా అ ఇ ఉ ఎ ఒ, వాటి దీర్ఘాలూ, మనకి ఎ ఏ, ఒ ఓ వేరువేరుగా ఉన్నాయి కాబట్టి ఎక్కడ సాగదీయాలో ఎక్కడ ఆపాలో కరెక్టుగా రాయొచ్చు, మా ఒడియా ఫ్రెండు వాళ్ళ లిపిలో రాస్తే ఆ పొట్టి ఎ, పొట్టి ఒ రెండూ లేవు పాపం. పదాలు ఎక్కువ అచ్చుతోనే ఆగుతాయి గనక నోటికి మన భాషలాగే తిరుగుతాది. ఆ ట్సు అనే శబ్దం చూసి భయపడకు, చుక్క అనేటప్పుడు చు ఎలా అంటామో అదే. స్పీడ్ పాటైతే యూట్యూబ్‌లో 0.75 పెట్టి రెండు మూడు రోజులు పాడు, శ్రుతి మారదు, స్పీడే తగ్గుతాది.

రాయగడ_35
వాండ్స్ పాట ఇప్పుడే విన్నాను, బాత్రూం సింగర్ అన్నకి దండం. ఇది నా గొంతుకే రాసినట్టుంది. మోగ్లీ ఐడియా కూడా ఖాయం. కానీ చివర్లో అందరూ కలిసి అరిచే పాట ఒకటి కావాలి, మా వాళ్ళు ఊరికే కూర్చోరు.

బరంపురం_బాత్రూం_సింగర్
అయితే వన్ పీస్ మొదటి ఓపెనింగ్, వీ ఆర్, కళ్ళు మూసుకుని పెట్టు. కితదాని హిరోషి 1999లో పాడేటప్పటికి అతనికీ ముప్పై దాటాయి, కాబట్టి వయసు సాకు చెల్లదు. పేరే పల్లవి చివర్లో నినాదంలా వస్తుంది, ఒక్కసారి నేర్పితే పిల్లలు కూడా అరుస్తారు. అసలు మజా ఏంటంటే టీవీ వెర్షన్ మొదట్లో పాట కాదు, డైలాగు ఉంటుంది, సముద్రపు దొంగల రాజు తన నిధి గురించి చెప్పేది. మీ బ్యాచ్‌లో సాయికుమార్ గొంతు పెట్టి మాట్లాడేవాడు ఎవడో ఉంటాడు కదా, ప్రతి బ్యాచ్‌లో ఒకడుంటాడు, వాడి చేత అది తెలుగులో చెప్పించు, సగం చప్పట్లు అక్కడే పడిపోతాయి. ఇది హై పాటే గానీ పదిమంది కలిస్తే ఎవడి శ్రుతి ఎక్కడుందో దేవుడికే తెలీదు.

డిజిమాన్ బటర్‌ఫ్లై కూడా మంచి పాట, కానీ అది పాడిన వాదా కోజీ 2016లో పోయాడు, నేను మొదలుపెడితే నాకే గొంతు పట్టేస్తుంది, అందుకే సలహా ఇవ్వను.

బల్లార్‌షా_తమ్మి
అన్నా ఒకటి మర్సిపోకు, టీవీకెల్లి స్పీకర్‌కి బ్లూటూత్ పెడితే సౌండ్ లేటుగా వస్తది, స్క్రీన్ మీద అక్షరాలు ముందుగాల రంగు మారిపోతయి, నువ్వు అవి చూసి పాడితే మ్యూజిక్ కంటే ముందు ఉరుకుతవ్. ఆక్స్ వైరు కొనుక్కో. కీ తగ్గించాల్నంటే యూట్యూబ్‌ల కాదు, పిచ్ మార్చే యాప్‌ల పాట ఏసి ముందే ఫోన్‌ల పెట్టుకో, మేడ మీద నెట్ కూడా ఆగుతది.

రాయగడ_35
వైరు రేపే తెస్తాను. డైలాగు చెప్పేవాడు దొరికాడు, ఎల్ఐసీ ఏజెంటు, అడక్కుండానే ఒప్పుకున్నాడు, ఇప్పుడు పాట కూడా నేనే పాడతానంటున్నాడు.