హైపేషియా గురించి నెట్‌లో ఉన్నదాంట్లో నిజమెంత? పాప స్పీచ్‌కి కావాలి

వేపచెట్టునీడ:
అందరికీ నమస్తే. మా పాప ఎనిమిదో తరగతి. వచ్చే వారం స్కూల్లో గణిత శాస్త్రవేత్తల మీద మాట్లాడాలట, తలా ఒక పేరు ఇచ్చారు, రామానుజన్, ఆర్యభట వేరే పిల్లలకి వెళ్లిపోయి మా దానికి హైపేషియా (పదహారు వందల ఏళ్ల క్రితం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఉన్న గ్రీకు గణిత పండితురాలు) వచ్చింది. నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని వెతికాం. ఒక చోట హైడ్రోమీటర్ (ద్రవం చిక్కనా పలచనా అని చూసే పరికరం) ఆవిడే కనిపెట్టింది అని ఉంది, ఇంకో చోట అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని కాపాడబోయి చనిపోయింది అని, మరో చోట ఆవిడ పుస్తకం ఒక్కటి కూడా మిగల్లేదు అని. పుస్తకాలే మిగలకపోతే ఇన్ని మాటలు ఎక్కడి నుంచి వచ్చాయమ్మా అని పాప అడిగితే నా దగ్గర జవాబు లేదు. "ఆలోచించే హక్కును వదులుకోకు, అసలు ఆలోచించకపోవడం కంటే తప్పుగా ఆలోచించడమే మేలు" అని ఆవిడ అన్నట్టు ఒక కొటేషన్ దొరికితే చార్ట్ మీద పెద్ద అక్షరాలతో రాసేసుకుంది కూడా. అది ఉంచొచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సరళరేఖ:
ముందు ఆ చార్ట్ సంగతి. తీసేయండి. పాప బాధపడుతుంది, తెలుసు, కానీ అది హైపేషియా మాట కాదు. ఎల్బర్ట్ హబ్బర్డ్ అనే అమెరికన్ రచయిత 1908లో గొప్ప గురువుల గురించి రాస్తూ ఆవిడ నోట పెట్టిన మాట. అంతకు ముందు ఏ గ్రీకు రాతలోనూ అది లేదు. నెట్‌లో ఎక్కువగా కనిపించే ఆ పక్కకి తిరిగిన ముఖం బొమ్మ కూడా ఆ రచన కోసం గీసిందే, ఆవిడ ఎలా ఉండేదో చూపించే బొమ్మ ఆ కాలం నుంచి ఒక్కటీ రాలేదు.

గ్రంథాలయం కథ కూడా వదిలేయండి. ఆ మహా గ్రంథాలయం ఆవిడ పుట్టేనాటికే పోయింది. క్రీ.శ. 391 ప్రాంతంలో అక్కడ కూలగొట్టింది ఆ గ్రంథాలయాన్ని కాదు, సెరాపియం అనే గుడిని, ఆవిడ చనిపోయింది 415లో, మధ్యలో ఇరవై ఏళ్ల పైనే ఉంది. పుట్టిన సంవత్సరం మీద పండితులకి ఏకాభిప్రాయం లేదు, 350కీ 370కీ మధ్య అంటారు, అంటే చనిపోయేనాటికి నలభై అయిదు నుంచి అరవై అయిదు లోపు. కథల్లో పాతికేళ్ల అమ్మాయిలా చూపిస్తారు కదా, అది నాకు అసలు నచ్చదు. దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన టీచర్ ఆవిడ. ఆ ఏళ్లన్నీ కొట్టేసి చావు ఒక్కటే మిగిల్చేస్తున్నాం.

ఘడియవిఘడియ:
లెక్కల వైపు నుంచి నేను చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

ఆవిడ తండ్రి థియాన్, అలెగ్జాండ్రియాలోనే గణిత పండితుడు. యూక్లిడ్ జ్యామితికి ఆయన సరిచేసిన ప్రతే పందొమ్మిదో శతాబ్దం వరకూ దాదాపు ప్రపంచమంతా చదివింది. ఆయన టాలెమీ రాసిన ఆల్మజెస్ట్ అనే ఖగోళ గ్రంథానికి వ్యాఖ్యానం రాశాడు. అందులో మూడో భాగం మొదట్లో ఒక వాక్యం ఉంది, ఈ ప్రతిని సిద్ధం చేసింది నా కూతురు, తత్త్వవేత్త హైపేషియా అని. ఒక తండ్రి పదహారు వందల ఏళ్ల క్రితం పుస్తకం నెత్తిన కూతురి పేరు పెట్టి, పక్కన తత్త్వవేత్త అని కూడా రాశాడు, అది చేతిరాత ప్రతుల్లో బతికి మన దాకా వచ్చింది. నాకైతే ఆ దొంగ కొటేషన్లన్నిటికంటే ఇదే ఎక్కువ.

ఆ మూడో భాగం సూర్యుడి గురించి. సంవత్సరం పొడవు టాలెమీ ఎంతని తీసుకున్నాడంటే 365 రోజులు, ఆపైన రోజులో 60వ వంతులు 14, అందులో మళ్లీ 60వ వంతులు 48. మన పంచాంగం చూసేవాళ్లకి ఇది వెంటనే తెలిసిపోతుంది, రోజుకి 60 ఘడియలు, ఘడియకి 60 విఘడియలు కాబట్టి 365 రోజుల 14 ఘడియల 48 విఘడియలు అన్నమాట. సూర్యుడు రోజుకి సగటున ఎంత జరుగుతాడో కావాలంటే 360 డిగ్రీలని ఆ సంఖ్యతో భాగించాలి. దశాంశాలు లేవు, అంకెల బదులు గ్రీకు అక్షరాలు, ప్రతి మెట్టు దగ్గరా 60తో హెచ్చించి మళ్లీ భాగించాలి. జవాబు 59 నిమిషాల 8 సెకన్ల చిల్లర వస్తుంది (గడియారం నిమిషాలు కావు, డిగ్రీలో 60వ వంతు నిమిషం, అందులో 60వ వంతు సెకను), టాలెమీ ఆ చిల్లరని ఇంకో నాలుగు స్థానాల దాకా లాగాడు. ఇంత పొడవు భాగహారం దారి తప్పకుండా చెయ్యాలంటే ఒక పద్ధతి ఉండాలి. మొదటి భాగంలో భాగహారం చేసిన తీరుకీ మూడో భాగంలో తీరుకీ తేడా ఉందనీ, ఆ తేడా హైపేషియా చేయి అనీ కొందరు పండితుల అభిప్రాయం. పాపకి ఈ భాగహారం ఒక్క మెట్టు చేయించి చూడండి, ఆవిడ పని ఎలాంటిదో అర్థమవుతుంది.

డయోఫాంటస్ అంకగణితానికి, అపోలోనియస్ శంకుచ్ఛేదాలకి (శంకువుని అడ్డంగా, ఏటవాలుగా కోస్తే వచ్చే వంపుల మీద పుస్తకం) కూడా వ్యాఖ్యానాలు రాసిందని పాత గ్రీకు నిఘంటువు ఒకటి చెబుతుంది. అవి పోయాయి. అప్పట్లో వ్యాఖ్యానం అంటే కష్టమైన పుస్తకం పిల్లలకి అర్థమయ్యేలా విడమరిచి, లెక్కలు సరిచూసి, కొత్త ఉదాహరణలు చేర్చడం. కొత్త సిద్ధాంతం కనిపెట్టలేదు కదా అని చిన్నచూపు చూసేవాళ్లు ఉంటారు, కానీ ఆ పని చేసేవాళ్లు లేకపోతే పుస్తకం రెండు తరాల్లో చచ్చిపోతుంది.

వేపచెట్టునీడ:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. చార్ట్ తీసేసింది, కాసేపు అలిగింది. మరి హైడ్రోమీటర్ సంగతి? అదైనా నిజమేనా?

పొద్దున్నేపాలు:
దీనికి నేను చెప్పగలను, పదకొండేళ్లు మా ఊరి పాల కేంద్రంలో లాక్టోమీటర్ పట్టుకుని నిలబడినవాణ్ణి.

సైనీసియస్ అని ఆవిడ శిష్యుడు, ఇప్పటి లిబియాలో ఉన్న సైరీన్ ఊరివాడు. ఆయన ఆవిడకి రాసిన ఉత్తరాలు ఏడు మిగిలాయి. ఒకదాంట్లో నాకు నీటి బరువు చూసే పరికరం కావాలి, ఇత్తడితో పోత పోయించి పంపండి అని అడుగుతాడు. అది ఎలా ఉండాలో కూడా రాశాడు. పిల్లనగ్రోవి అంత గొట్టం, నిలువునా వరసగా గాట్లు, ఒక చివర శంకువు బిగించి ఉండాలి, నీళ్లలో వేస్తే నిటారుగా నిలబడుతుంది, గాట్లు లెక్కపెట్టుకోవాలి. చదవగానే నా చేతిలో ఉండేదే గుర్తొచ్చింది. అడుగున బరువు ఉండబట్టే అది పడిపోకుండా నిలబడుతుంది, పాలలో నీళ్లు కలిస్తే ద్రవం పలచనై గొట్టం ఇంకా కిందికి దిగుతుంది, గీత దగ్గర పట్టేస్తాం.

ఇప్పుడు ఆలోచించండి, ఆవిడే కనిపెట్టి ఉంటే ఆవిడకే ఇంత వివరంగా వర్ణించి చెప్పాల్సిన పనేముంది? కాబట్టి కనిపెట్టింది అనకండి. శిష్యుడు దూరాన ఉండి ఇలాంటిది కావాలంటే చేయించి పెట్టగల మనిషి అని చెప్పండి. ఆస్ట్రోలేబ్ (ఆకాశంలో సూర్యుడు, నక్షత్రాల స్థానాలు లెక్కకట్టే పరికరం) కూడా అంతే, దాని వెనక ఉన్న గణితం ఆవిడకి ముందే ఉంది, తాను చేయించినదానికి కావలసిన విద్య ఆవిడే నేర్పిందని సైనీసియసే రాశాడు.

చివరి ఉత్తరాలు చదివితే గుండె పిండేసినట్టు ఉంటుంది. పిల్లలు పోయారు, మంచం మీద పడుకుని చెప్పి రాయిస్తున్నాను అంటూ ఆవిడని తల్లి, సోదరి, గురువు అని పిలుస్తాడు. అప్పటికి ఆయన క్రైస్తవ బిషప్పు, ఆవిడ పాత గ్రీకు మతంలోనే ఉంది.

సరళరేఖ:
ఆ చివరి మాట ముఖ్యం. ఆవిడ చావుని మతానికీ సైన్సుకీ మధ్య యుద్ధంలా చెప్పేస్తుంటారు. నిజానికి అది నగరంలో అధికారం కోసం జరిగిన గొడవ. గవర్నర్ ఒరెస్టెస్, బిషప్ సిరిల్, ఇద్దరూ క్రైస్తవులే. ఒరెస్టెస్ హైపేషియా సలహా తీసుకునేవాడు, వాళ్లిద్దరి మధ్య రాజీ కుదరకుండా అడ్డుపడుతోంది ఈవిడే అని పుకారు పుట్టింది. 415 మార్చిలో ఒక గుంపు ఆవిడని బండిలోంచి లాగి, సిజేరియం అనే చర్చిలోకి ఈడ్చుకెళ్లి చంపేసింది. దేనితో చంపారో చెప్పే గ్రీకు మాటకి పెంకులు అనీ అర్థం, ఆల్చిప్పలు అనీ అర్థం. ఇంతకంటే వివరం ఎనిమిదో తరగతి పిల్లకి వద్దు. దీన్ని రాసిన సోక్రటీస్ అనే చరిత్రకారుడు కూడా (పాత తత్త్వవేత్త కాదు, ఆ కాలంలోనే ఉన్న ఇంకొకాయన) క్రైస్తవుడే, ఇది సిరిల్‌కీ అలెగ్జాండ్రియా చర్చికీ మచ్చ అని సూటిగా రాశాడు. స్పీచ్‌లో దీనికి రెండు వాక్యాలు చాలు, మిగతాదంతా పాఠాల గురించి చెప్పించండి.

వేపచెట్టునీడ:
నిన్న సాయంత్రం ఒక ముచ్చట జరిగింది, చెప్పకుండా ఉండలేక రాస్తున్నా. పాప లావుపాటి స్ట్రా తీసుకుని, ఒక చివర బంకమట్టి ఉండ పెట్టి మూసి, స్కెచ్ పెన్నుతో గీతలు గీసి గ్లాసు నీళ్లలో వేసింది. రెండుసార్లు పక్కకి పడిపోయింది, మూడోసారి మట్టి కాస్త ఎక్కువ పెడితే నిలబడింది, నీళ్లు ఆరో గీత దగ్గర ఆగాయి. తర్వాత అదే గ్లాసులో నాలుగు చెంచాల ఉప్పు కలిపి చూస్తే ఆరో గీత నీళ్ల పైకి తేలింది. చార్ట్ మీద ఇప్పుడు కొటేషన్ బదులు ఆ స్ట్రా బొమ్మ ఉంది, కింద థియాన్ రాసిన వాక్యం ఉంది. స్పీచ్ గురువారం.