కోక్, పెప్సీ మార్కెటింగ్‌ని ఏ కొలతతో పోల్చాలి?

ఎంబీఏ ప్రాజెక్టు కోసం కోకాకోలా, పెప్సీల మార్కెటింగ్ వ్యూహాలను పోలుస్తున్నాను. ప్రకటనల్లో తేడా తేలిగ్గానే తెలుస్తోంది: కోక్ 1928 నుంచి ఒలింపిక్స్‌ని వదల్లేదు, పెప్సీ ఎప్పుడూ కుర్రకారు వెంటే. చిక్కంతా 1975లో మొదలైన పెప్సీ ఛాలెంజ్ దగ్గర వచ్చింది. పేరు కనపడని కప్పుల్లో తాగించినప్పుడు ఎక్కువమంది పెప్సీ వైపే మొగ్గారు. 1985లో కోక్ ఏకంగా ఫార్ములానే మార్చేసి, జనం గొడవ చేసేసరికి మూడు నెలలు తిరక్కుండానే పాతది మళ్లీ తెచ్చింది. మరి గెలిచిందెవరు?

రుచిలో గెలుపునీ, బ్రాండ్ మీద అభిమానాన్నీ విడివిడిగా ఎలా కొలవాలి? పెప్సికో చిప్స్ కూడా అమ్ముతుంది కాబట్టి మొత్తం ఆదాయాలు పోల్చి లాభం లేదు. ఇలాంటి ప్రాజెక్టు చేసినవాళ్లు ఏ లెక్కలు తీసుకున్నారో చెప్పండి. స్వాట్ పట్టిక (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసేది) మాత్రం వద్దండీ, అది అందరూ వేసేదే.