విరిగిన సైన్‌బోర్డు స్తంభం: కాంక్రీటులో పాతాలా, సాకెట్‌లో దించాలా?

కుందలహళ్లి వాసి

అందరికీ నమస్కారం. మా లేఅవుట్ బెంగళూరులో కుందలహళ్లి గేటుకు కాస్త లోపల. రోడ్లు ఇంకా కార్పొరేషన్‌కు అప్పగించలేదు కాబట్టి క్రాస్ నంబర్లు, వన్‌వే, హంప్, స్కూలు బోర్డులన్నీ మా అసోసియేషనే పెట్టుకోవాలి. ఇప్పుడున్న వాటిలో నిటారుగా నిలబడినవి తక్కువ. వాటర్ ట్యాంకర్లు రివర్స్ తీసేటప్పుడు తగిలించి పోతుంటాయి. వంగిన పైపును నేల మట్టానికి కోసేసి, పక్కన ఇంకో గుంత తవ్వి కొత్తది పాతుతారు. పాత మోడు అక్కడే ఉండిపోతుంది. కొన్ని మూలల్లో రెండు మూడు మోడులు వరసగా ఉన్నాయి, పిల్లలు, పెద్దవాళ్లు తట్టుకుని పడుతున్నారు.

కొత్త బోర్డులకు కొటేషన్లు పిలిచాం. కమిటీలో ఒక వర్గం "ఎప్పటిలా కాంక్రీటులో గట్టిగా పాతేయండి" అంటోంది. ఇంకో వర్గం "నేలలో సాకెట్ పెట్టి, స్తంభాన్ని అందులో దించి బోల్టు బిగిస్తే, దెబ్బతిన్నప్పుడు స్తంభం ఒక్కటే మార్చుకోవచ్చు" అంటోంది. రెండోదానికి మొదటి ఖర్చు ఎక్కువ. ఏది మేలు? ఈ పనిలో ఉన్నవాళ్లు చెబితే సంతోషం.

సిక్కోలు సివిల్

రోడ్డు పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. నా ఓటు కాంక్రీటుకే. 300 మి.మీ. చదరం, 600 లోతు గుంత తీసి కాంక్రీటు పోస్తే ఆ దిమ్మ ఒక్కటే 130 కిలోల దాకా తూగుతుంది. ఏ తాగుబోతూ పీకలేడు. సాకెట్‌లో బోల్టు వదులవుతుంది, స్తంభం ఊగుతుంది, గాలికి బోర్డు టకటకలాడుతుంది, చివరికి పడుకునేవాళ్లు ఫోన్ చేసి తిడతారు. జాయింటు అంటేనే బలహీనత.

మోడులు వదిలేయడం కాంక్రీటు తప్పు కాదండీ. పాత దిమ్మ తవ్వి తీసేస్తేనే బిల్లు ఇస్తామని వర్క్ ఆర్డరులో ఒక్క లైను రాయండి, మోడులు ఎలా మిగులుతాయో చూద్దాం.

పీణ్య ఫ్యాబ్రికేటర్

సివిల్ అన్నా, ఆ ఒక్క లైను రాసినా పని ఎలా అవుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. దిమ్మ తీయాలంటే కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ మెషిన్ కావాలి. ఫుట్‌పాత్ టైల్స్ లేస్తాయి. కింద కరెంటు కేబుల్, ఇంటర్నెట్ ఫైబర్, నీళ్ల పైపు ఏవి ఎక్కడున్నాయో ఎవరి దగ్గరా డ్రాయింగ్ ఉండదు. ఒక వంగిన బోర్డు కోసం వీధి వీధంతా నెట్ పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? అందుకే కోసేసి పక్కన తవ్వుతారు. అది బద్ధకం కాదు, ఆ డిజైనులో మిగిలిన ఏకైక దారి.

గాలి సంగతికి వద్దాం. గాలి భారం లెక్కలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో బెంగళూరుకు బేసిక్ విండ్ స్పీడ్, అంటే డిజైనుకు తీసుకునే గాలి వేగం, సెకనుకు 33 మీటర్లు. చెన్నైకి 50. 600 మి.మీ. గుండ్రటి బోర్డు మీద మన ఊళ్లో ఆ గాలి వేసే బలం ఇరవై కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 50 బై 50 చదరపు గొట్టం దానికి ధారాళంగా సరిపోతుంది. చెన్నైలో ఇదే బోర్డు మీద ఒత్తిడి రెండింతలు దాటుతుంది, అక్కడైతే నేనూ ఇంకో లెక్క వేస్తాను. టకటక శబ్దం వచ్చేది సాకెట్ వల్ల కాదు, అందులో సందు ఎక్కువైతే. 60 బై 60, 4 మి.మీ. మందం ఉన్న గొట్టం లోపలి కొలత 52. అందులో 50 గొట్టం దించితే రెండు మి.మీ. మాత్రమే ఖాళీ. తుప్పు పట్టకుండా వేసే గాల్వనైజింగ్ (జింకు) పూత అందులో కొంత తినేస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఈఆర్‌డబ్ల్యూ, అంటే రేకును చుట్టి అంచులు వెల్డ్ చేసిన గొట్టం లోపల ఆ వెల్డింగ్ గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని ముందే గీకించకపోతే స్తంభం సగం దిగి ఇరుక్కుంటుంది, సైటులో సుత్తి పట్టుకుని నిలబడాల్సి వస్తుంది.

హొరమావు అక్క

బోల్టు విప్పగలిగేది మీ మేస్త్రీ ఒక్కడేనా? తుక్కు ఇనుము ఏరుకునేవాళ్లకూ స్పానర్ ఉంటుంది. మా వీధిలో డ్రైనేజీ జాలీలే ఉండనివ్వడం లేదు. ఇక స్తంభం, బోర్డు విడివిడిగా విప్పుకునేలా పెడితే గుజిరీ షాపుకు మనమే ప్యాక్ చేసి పంపినట్టు.

పీణ్య ఫ్యాబ్రికేటర్

న్యాయమైన ప్రశ్న అక్కా. బోర్డు దగ్గర షియర్ నట్లు వాడతాం. బిగించేటప్పుడు షట్కోణం భాగం తెగిపోయి కింద నున్నటి శంకువు మిగులుతుంది, మామూలు స్పానర్ పట్టదు. రేకు కూడా అచ్చ ఎల్యూమినియం కాకుండా, మధ్యలో ప్లాస్టిక్, రెండు వైపులా పల్చటి ఎల్యూమినియం ఉండే కాంపోజిట్ షీటు తీసుకుంటే తుక్కులో పెద్దగా ధర రాదు. మన రోడ్డు బోర్డుల కోడ్ ఐఆర్‌సీ 67 కూడా దాన్ని ఒప్పుకుంటుంది. కింది జాయింటుకు ప్రత్యేక తాళం తల ఉన్న బోల్టు వేసి, దాని కీ అసోసియేషన్ దగ్గర ఉంచుకోవచ్చు. అయినా రంపంతో వచ్చేవాణ్ని ఎవరూ ఆపలేరు. కాంక్రీటులో పాతిన పైపునూ రంపంతోనే కోస్తారు కదా.

ఆస్టిన్ నుంచి బెల్లందూరు

నేను టెక్సాస్‌లో కొన్నాళ్లు రోడ్ల కన్సల్టెన్సీలో పనిచేశాను. అక్కడ ఈ వాదన ఎప్పుడో ముగిసింది, కానీ కారణం వేరు. మార్చడం సులువని కాదు, కారు గుద్దితే లోపలి మనిషి బతకాలని. రోడ్డు పక్కన కారు దూసుకొచ్చే పరిధిలో ఉన్న బోర్డు స్తంభం విరిగిపోవాలి లేదా వంగిపోవాలి. అడ్డుగా బ్యారియర్ ఉంటే తప్ప మినహాయింపు లేదు. చిన్న బోర్డులకు చాలా రాష్ట్రాల్లో చిల్లుల చదరపు గొట్టం వాడతారు. నాలుగు వైపులా అంగుళానికి ఒక చిల్లు ఉంటుంది. కాస్త పెద్ద సైజు గొట్టాన్ని నేలలోకి దిగ్గొట్టి, అందులో స్తంభాన్ని దించి, మూల బోల్టు వేస్తారు. గుద్దినప్పుడు స్తంభం ఆ అంచు దగ్గర తెగుతుంది, కింది గొట్టం మిగులుతుంది. ఇద్దరు మనుషులు ముక్క పీకి కొత్తది దించి వెళ్లిపోతారు.

టెక్సాస్‌లో ఎక్కువగా కనిపించేది స్లిప్ బేస్. పైన ఒక త్రికోణపు ప్లేటు, కింద ఒకటి, మధ్యలో మూడు బోల్టులు. ఆ బోల్టులు చిల్లుల్లో కాదు, అంచుకు తెరుచుకున్న గాడుల్లో ఉంటాయి. కారు తగలగానే జారి బయటికి వచ్చేస్తాయి. ఇక్కడే అసలు కిటుకు ఉంది. బోల్టులను ఇంత టార్క్‌తోనే, అంటే ఇంత తిప్పే బలంతోనే బిగించాలని లెక్క ఉంటుంది. మన మేస్త్రీలాగా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని స్పానర్‌కు పైపు తగిలించి బిగిస్తే ప్లేట్లు జారవు, మళ్లీ కాంక్రీటు స్తంభమే అయిపోతుంది. మరీ వదులుగా ఉంటే గాలి కుదుపుకు బోల్టులు నడిచి వచ్చేస్తాయని మధ్యలో పల్చటి కీపర్ ప్లేటు కూడా పెడతారు. విరిగాక నేలలో మిగిలే భాగం 4 అంగుళాలు, అంటే 100 మి.మీ. మించకూడదు. కారు అడుగు భాగానికి తగలకుండా.

నా ఉద్దేశంలో మన దగ్గరా ఇదే రావాలి.

సిక్కోలు సివిల్

హైవే మీద ఒప్పుకుంటా గురూ. లేఅవుట్ లోపల హంపుకొకసారి బ్రేకు వేసే బండ్లకు ప్రాణరక్షణ స్లిప్ బేస్ ఎందుకు? ఐదో క్రాసులో ఎవడు వంద మీద వస్తాడు?

రోజూ బైకే

ఇంకో మాట. ఇలాంటి స్తంభాలను గుద్ది చూసే పరీక్షలన్నీ కార్లు, పికప్‌లతో చేసినవి. ఆ పరీక్షలకు అమెరికాలో ఇప్పుడు వాడే మాష్ ప్రమాణంలో చిన్న కారు బరువే 1100 కిలోలు. బైకు మీంచి ఎగిరి పడే మనిషి 70 కిలోలు. మనిషి శరీరానికి స్లిప్ బేస్ జారదు, గొట్టం తెగదు. మన రోడ్ల మీద సగానికి పైగా మనమే, రెండు చక్రాలవాళ్లం. కాబట్టి "విరిగే స్తంభం సురక్షితం" అన్నప్పుడు ఎవరికి సురక్షితమో కూడా చెప్పండి. మాకు కావలసింది స్తంభం మలుపు బయటి అంచున లేకుండా లోపలికి జరిపి పెట్టడం. ఉన్న కరెంటు స్తంభానికో, గోడకో బోర్డు తగిలించగలిగితే ఇంకా మంచిది.

హొరమావు అక్క

నడిచేవాళ్ల గురించీ మాట్లాడండి. తెగి ఎగిరిన స్తంభం ఫుట్‌పాత్ మీద పూలమ్ముకునే మనిషి మీద పడితే? ఇప్పుడున్న గట్టి స్తంభం కనీసం ట్యాంకర్‌ను అక్కడే ఆపుతుంది. మా వీధిలో ఫుట్‌పాత్ మీదికి బైకులు ఎక్కకుండా ఆపుతున్నది ఆ వంకర బోర్డులే అంటే నవ్వకండి.

ఆస్టిన్ నుంచి బెల్లందూరు

అక్క అన్నది యూరప్‌లోనూ ఉన్న వాదనే. అక్కడి ఈఎన్ 12767 ప్రమాణం స్తంభాలను ఎంత శక్తిని పీల్చుకుంటాయో చూసి వర్గాలు చేస్తుంది. తెగి ఎగిరిపోయేవి ఒక రకం, నేలను వదలకుండా వంగుతూ బండి వేగాన్ని తగ్గించేవి ఇంకో రకం. జనం నడిచే చోట రెండో రకంవైపు మొగ్గు చూపుతారు. కాబట్టి నా మాట కొంచెం మారుస్తాను. లేఅవుట్‌లో తెగేది వద్దు. వంగేది కావాలి, వంగాక సులువుగా బయటికి రావాలి. ఇక గట్టి స్తంభం ట్యాంకర్‌ను ఆపుతుందన్నది మాత్రం నమ్మను. నిండు ట్యాంకర్‌కు ఆ పైపు గుర్తుకూడా ఉండదు. బైకులను ఆపాలంటే బొల్లార్డులు (పొట్టి అడ్డు స్తంభాలు) పెట్టండి, ఆ పని బోర్డుకు అప్పగించకండి.

పీణ్య ఫ్యాబ్రికేటర్

అదే నేను మొదటి నుంచి చెప్పాలనుకున్నది. ట్యాంకర్ తగలడం ఖాయం. తగిలినప్పుడు ఏది పోవాలో మనం ముందే నిర్ణయించుకోవాలి. కాంక్రీటులో పాతితే పోయేది పునాది, ఫుట్‌పాత్, కింద కేబుల్, అంటే అన్నింటికన్నా ఖరీదైనవి. సాకెట్ పెడితే పోయేది రెండున్నర మీటర్ల గొట్టం. బోర్డు రేకు చాలాసార్లు బాగానే ఉంటుంది, విప్పి కొత్త గొట్టానికి బిగించుకోవచ్చు. సాకెట్ గొట్టం మందం 4 ఉండాలి, స్తంభం మందం 2.5 చాలు. స్తంభం బలంగా, సాకెట్ పల్చగా చేస్తే మాత్రం మొత్తం తలకిందులే. సాకెట్ నోరు సాగిపోతుంది, మళ్లీ బ్రేకర్ పిలవాలి. తక్కువ కోట్ చేసినవాళ్లు సరిగ్గా అక్కడే మిగుల్చుకుంటారు.

గుండ్రటి పైపు వద్దు. సాకెట్‌లో తిరిగిపోతుంది. వన్‌వే బాణం ఎదురింటి గేటు వైపు చూస్తుంది.

సిక్కోలు సివిల్

సరే, ఒక ప్రశ్న. ఆ సాకెట్ అడుగున నీళ్లు నిలవవా? నేల మట్టం దగ్గర తుప్పు పట్టి స్తంభం సాకెట్‌కు అతుక్కుపోతే మీ "సులువుగా మార్చడం" ఏమవుతుంది? అప్పుడు పీకడానికి జేసీబీ పిలుస్తారా?

పీణ్య ఫ్యాబ్రికేటర్

పడుతుంది, అడుగు మూసేస్తే. సాకెట్ అడుగు తెరిచి ఉంచి, కింద ఒక బొచ్చెడు కంకర వేసి, చుట్టూ మాత్రమే కాంక్రీటు పోయాలి. రెండు గొట్టాలూ కోసి, చిల్లులు వేశాకే హాట్ డిప్ గాల్వనైజింగ్‌కు, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేయడానికి పంపాలి. పూత వేశాక చిల్లు వేస్తే ఆ చిల్లు దగ్గరే తుప్పు మొదలవుతుంది. దించే ముందు గ్రీజు రాయాలి. ఇన్ని చేసినా పదేళ్ల తర్వాత కొన్ని ఇరుక్కుంటాయి, లేదనను.

కుందలహళ్లి వాసి

చాలా ఉపయోగపడుతోంది. అక్కా, బైకు సోదరా, కరెంటు స్తంభాలకు తగిలించడం అనుమతి లేకుండా కుదరదు, కాంపౌండ్ గోడలకు మాత్రం అడుగుతాం. ఒక సందేహం. సాకెట్ నేల పైకి ఉండాలా, మట్టానికా?

పీణ్య ఫ్యాబ్రికేటర్

పైకి 75 మి.మీ. ఉంటే పక్కనుంచి బోల్టు వేయడం సులువు. కానీ స్తంభం లేని రోజుల్లో అదే ఇంకో మోడు. ఫుట్‌పాత్‌లో అయితే మట్టానికి పెట్టి, పై నుంచి చీల కొట్టి బిగించే రకం తీసుకోండి. బ్రిటన్‌లో ఫుట్‌పాత్‌లకు ఇలాంటి సాకెట్లు వాడతారు. మట్టి పక్కల అయితే పైకి ఉన్నా ఫరవాలేదు.

సిక్కోలు సివిల్

నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. సాకెట్ బాగుండేది స్పేర్ ఉన్నప్పుడే. స్తంభం వంగిన రోజు అదే సైజు గొట్టం, అవే చిల్లులు, అదే బోల్టు చేతిలో లేకపోతే ఖాళీ సాకెట్‌లో ఎవడో కర్ర గుచ్చి గుడ్డ కడతాడు. 2025 సెప్టెంబరులో పాత నగర కార్పొరేషన్ బీబీఎంపీ పోయి, గ్రేటర్ బెంగళూరు అథారిటీ (జీబీఏ) కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. రేపు మీ రోడ్లు అప్పగించాక వాళ్ల స్టోరులో మీ సైజు ఉంటుందా? ఐదు చోట్లా ఐదు కొలతలు పెట్టుకుంటే ఏ సాకెట్‌కు ఏది దిగుతుందో దేవుడికే తెలియాలి. కాంక్రీటుకు ఈ తలనొప్పి లేదు, ఏ పైపైనా పాతొచ్చు.

కొటేషన్‌లోనే స్పేర్లు కలిపి అడగండి. పదికి రెండు చొప్పున స్తంభాలు, రెట్టింపు బోల్టులు, కీ రెండు సెట్లు. డ్రాయింగ్ కాపీ ఒకటి ఆఫీసు గోడకు అంటించండి. ఇవేవీ చేయలేమంటే నోరు మూసుకుని కాంక్రీటు పోసుకోండి, కనీసం పాత దిమ్మలు తీయించండి.

రోజూ బైకే

ఖాళీ సాకెట్లకు మూతలు కూడా కలపండి. మట్టానికి ఉన్న గుంతలో నా సైడ్ స్టాండ్ దిగబడితే బిల్లు అసోసియేషన్‌కే పంపుతా.

కుందలహళ్లి వాసి

మూతలు రాసుకున్నాను. ఆదివారం మీటింగులో ముందు మూడు మూలలకు సాకెట్, మిగతావాటికి గోడ బ్రాకెట్ అని ప్రతిపాదిస్తాం. ఫ్యాబ్రికేటర్ గారూ, గొట్టాల మందం, చీల సైజు వేసిన డ్రాయింగ్ ఉంటే ఇక్కడే పెట్టండి. మిగతా కొటేషన్ల వాళ్లకూ అదే ఇస్తాను. మీ ఒక్కరికే అని కాదు, ఏమీ అనుకోకండి.