అప్‌డేట్: ఓవెన్ లేకుండా 12 మందికి స్టార్టర్లు

పోయిన వారం అడిగాను కదా, బెంగళూరులో మా ఇంటికి 12 మంది వస్తున్నారు, ఓవెన్ లేదు, నూనెలో వేయించకుండా ఏ దేశం స్టార్టర్లు చేయొచ్చని. శనివారం ఆ గండం గడిచింది.

హమ్మస్ (రొట్టెతో నంజుకునే శనగల ముద్ద) సూపర్ హిట్. కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి, చిటికెడు వంటసోడా వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించాను. అందులో వేసే తహినీ (నువ్వుల ముద్ద) కొనలేదు, తెల్ల నువ్వులు దోరగా వేయించి నూనెతో రుబ్బాను. మీలో ఒకరు చెప్పినట్టు మిక్సీలో రెండు చెంచాల ఐస్ నీళ్లు పోసేసరికి వెన్నలా వచ్చింది. మా అత్తయ్య రుచి చూసి, "నువ్వుల పచ్చడిలా ఉందే, కాస్త ఇంగువ పోపు పెట్టకపోయావా" అన్నారు. సగానికి పెట్టాను. ముందు ఖాళీ అయింది ఆ గిన్నే!

బ్రుషెట్టా (కాల్చిన బ్రెడ్ మీద టమాటా ముక్కలు) మాత్రం దెబ్బేసింది. టమాటా ముక్కల్లో ఉప్పు ముందే కలిపాను, నీరంతా ఊరి, పెనం మీద కాల్చిన బ్రెడ్ మెత్తబడిపోయింది. రెండో విడతకి ముక్కల్ని జల్లెడలో వార్చి, పళ్లెం చేతికిచ్చే ముందు వేశాను. కరకరలాడింది.

గ్వాకమోలీ (అవకాడో పచ్చడి) చేయనేలేదు. కొన్న బటర్‌ఫ్రూట్లు (ఇక్కడ అవకాడోని అలాగే అంటారు) రాళ్లలా ఉన్నాయి. ఇంకా బియ్యం డబ్బాలోనే పండుతున్నాయి.