సూపర్‌వైజర్, మేనేజర్, ఇన్‌చార్జి: నియామక పత్రంలో ఏది రాయాలి?

ప్రశ్న:
గుంటూరు దగ్గర మాకు చిన్న మిర్చి పొడి యూనిట్ ఉంది. అక్కడ అందరూ మేస్త్రీ అని పిలిచే ఒకాయనకు ఇంగ్లీషులో నియామక పత్రం ఇవ్వాలి. షిఫ్టుకు మనుషులను సర్దడం, గ్రైండర్ల దగ్గర పని చూడడం, హాజరు పుస్తకం రాయడం, లారీకి ఎక్కే బస్తాల లెక్క సరిచూడడం ఆయన పనులు. జీతం 22,000 రూపాయలు. మనుషులను తీసుకోవడం, సెలవు మంజూరు చేయడం నాన్నగారే చూసుకుంటారు. గౌరవంగా ఉంటుందని నాన్నగారు ప్రొడక్షన్ మేనేజర్ అని రాయమంటున్నారు. సూపర్‌వైజర్, ఇన్‌చార్జి, ఫోర్‌మన్‌లలో ఏది సరైనదో పెద్దలు చెప్పగలరు.

మొదటి జవాబు:
మీరు చెప్పిన పనులకు సూపర్‌వైజర్ సరిపోతుందండి. ఎదురుగా జరిగే పనినీ, చేసే మనుషులనూ కనిపెట్టుకుని ఉండేవారికి ఆ పేరు. డబ్బు ఖర్చు, నియామకం, సెలవు వంటి నిర్ణయాలు కూడా చేతిలో ఉంటేనే మేనేజర్ అనడం బాగుంటుంది. ఇన్‌చార్జి అనే హోదా మన దేశంలో బాగానే చెల్లుతుంది గానీ, అసలు అధికారి లేనప్పుడు తాత్కాలికంగా బాధ్యత చూస్తున్నవారన్న అర్థం కూడా వస్తుంది. ఫోర్‌మన్ పాతబడిన మాట. పైగా మన వైపు చిట్టీల పత్రాల్లో చిట్ నడిపేవారిని ఫోర్‌మన్ అంటారు కనుక బ్యాంకులో చదివేవారు తికమక పడవచ్చు.

రెండో జవాబు:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను గానీ, చట్టం కోణం కూడా చూడండి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో, పర్యవేక్షణ పని చేస్తూ నెలకు నిర్ణీత మొత్తం కంటే ఎక్కువ వేతనం తీసుకునేవారు కార్మికుల నిర్వచనం కిందికి వచ్చేవారు కారు. ఆ పరిమితిని 2010లో 1,600 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది 18,000 అయింది. అయితే వివాదం వచ్చినప్పుడు న్యాయస్థానాలు హోదా పేరును పట్టించుకోవు, రోజులో ఎక్కువ భాగం ఆయన ఏం చేశారో చూస్తాయి. మీ మేస్త్రీ గారు ప్రధానంగా తానే గ్రైండర్ నడుపుతూ ఉంటే, మేనేజర్ అని రాసినంత మాత్రాన కార్మికుడు కాకుండా పోరు.

మేనేజర్ అనే మాటతో మరో చిక్కు ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం యజమాని మేనేజర్‌గా ఎవరి పేరు తెలియజేస్తే భద్రత విషయంలో ఆయన కూడా జవాబుదారీ అయ్యేవారు. ఎవరినీ నియమించకపోతే, మేనేజర్‌గా వ్యవహరిస్తూ కనిపించిన మనిషినే మేనేజర్‌గా భావించేవారు. సెలవు ఇచ్చే అధికారం కూడా లేని మనిషికి గౌరవం పేరుతో అంత బరువు ఎత్తడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఒకరోజు సెలవు ఇచ్చే అధికారం ఆయనకు ఇవ్వడానికి నాన్నగారు ఒప్పుకున్నారు. అప్పుడు పేరు మార్చాలా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
అవసరం లేదు. ప్రొడక్షన్ సూపర్‌వైజర్ అని రాసి, కింద ఆయన పనులను వరుసగా, ఒకరోజు సెలవు అధికారంతో సహా చేర్చండి. గౌరవం మాటకొస్తే, సీనియర్ అని ముందు పెట్టినా నష్టం లేదు. ఆయనకు చదివి వినిపించి, అర్థమయ్యాకే సంతకం తీసుకోండి.