ఫోర్ వీల్ లైటు మినుకుతోంది, లో గేర్ పడట్లేదు. మాడ్యూలేనా?

ములుగు_డీజిల్:
అన్నలారా, నాది పాత డీజిల్ జీపు, నాబ్ తిప్పితే ఫోర్ వీల్ పడే రకం. ఎరువు బస్తాలు పొలానికి చేర్చాలంటే అదే దిక్కు. వానలు మొదలైనప్పటి నుంచి ఫోర్ హైకి (నాలుగు చక్రాలూ మామూలు వేగంలో తిరిగేది) తిప్పితే మీటర్‌లో లైటు మినుకుతూనే ఉంటోంది. ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు. లో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) అయితే అసలు పడటం లేదు. వర్క్‌షాపులో మాడ్యూల్ (ఫోర్ వీల్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయింది, మార్చాల్సిందే అన్నారు. రేటు విని బండి తెచ్చేసుకున్నా. ఫ్యూజులు చూశా, బాగున్నాయి. మాడ్యూలేనా, మోటారా, వైరింగా? ఈ మధ్యే ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించా. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

కాజీపేట_వైరింగ్:
మాడ్యూల్ చివర చూడాల్సింది తమ్మీ, మొదట కాదు. ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకీ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద గేర్ మార్చే షిఫ్ట్ మోటార్ ఉంటుంది, గేర్ ఎక్కడుందో చెప్పే సెన్సార్ దానితోనే ఉంటుంది. గేర్ పడిందని సెన్సార్ చెప్పేదాకా లైటు మినుకుతుంది. అంటే మాడ్యూల్ బతికే ఉంది, జవాబు రావట్లేదంతే. ముందు ఎర్త్ చూడు, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి. ఇలాంటి బళ్లలో చాలావరకు మోటార్ రెండు వైర్లూ మాడ్యూల్ నుంచే వస్తాయి, అటూ ఇటూ తిప్పడానికి ప్లస్ మైనస్ మార్చేది అదే. అందుకే మోటార్ దగ్గర ఎర్త్ వెతక్కు. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర వైరు మాడ్యూల్ ఎర్త్ పిన్‌కి ఆనించి, ఇంకొకరిని నాబ్ తిప్పమను. మోటార్ కరెంటు గుంజుతున్నప్పుడు 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ మంచిదే. 1 వోల్టు దాటితే దోషం అక్కడే. లోడ్ లేనప్పుడు కొలిస్తే ఏ వైరైనా మంచిగానే కనిపిస్తుంది.

భూపాలపల్లి_ఓపెన్‌కాస్ట్:
2023 జూలైలో మోరంచవాగు పొంగినప్పుడు మా బండి సీట్ల దాకా నీళ్లలో ఉంది. ఇంజిన్ బాగు చేయించాం, ఆయిళ్లన్నీ మార్చాం. ఫోర్ వీల్ మాత్రం చలికాలం దాకా పనిచేసి తర్వాత ఆగింది. వైర్లు కలిపే కప్లర్ విప్పితే పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. నీళ్లు రాగి పోగుల వెంట వైరు లోపలికి పాకుతాయి, పైన ప్లాస్టిక్ కొత్తదానిలాగే ఉంటుంది. ఇన్సూరెన్స్ వాళ్లు అప్పుడు పనిచేసింది కదా అని ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు నాకు. మీ జిల్లా లక్ష్మీదేవిపేటలోనే కదా అప్పుడు ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది? నీ బండి ఆ వానల్లో ఎక్కడుంది?

నర్సంపేట_పాతజీపు:
ఈ నాబ్‌లూ మోటార్లే వద్దంటా. లీవర్ గుంజితే గేర్ పడాలి, కిందికి దిగి ముందు చక్రం మధ్యలోని హబ్ తిప్పితే లాక్ కావాలి. పాకాల వైపు బురదలో ఎంత తిప్పినా నా బండి ఒక్కసారి కూడా మొరాయించలేదు.

హనుమకొండ_రైడర్:
ఆయన అడిగింది ఒకటి, మీరు చెప్పేది ఒకటి. బండి అమ్మేసి లీవర్ బండి కొనమంటారా? ములుగు అన్నా, మీటర్ కోసం డబ్బులు పెట్టకు. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టుకో, చాలు. ఒక్క పోగు మీద వేలాడే వైరు కూడా మీటర్‌లో 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు 1.75 ఆంపియర్లు గుంజుతుంది కాబట్టి ఆ వైరు మీద సరిగ్గా వెలగదు.

కాజీపేట_వైరింగ్:
ఆ బల్బు తీసుకెళ్లి సెన్సార్ వైరుకి పెడితే? అది 5 వోల్టుల లైను. బాగున్న మాడ్యూల్ కూడా పోతుంది. ఇలా బల్బులు పెట్టి కాల్చుకున్న మాడ్యూళ్లు నా షాపులో సంచీలో పడున్నాయి.

హనుమకొండ_రైడర్:
సెన్సార్ వైరుకి పెట్టమని నేనెక్కడ అన్నాను? కప్లర్ విప్పి, ఫ్యూజు నుంచి మాడ్యూల్‌కి వచ్చే లావు వైరుకి పెట్టమంటున్నా. చదవకుండా మాట్లాడితే ఎట్లా? మీ పద్ధతిలో ఇద్దరు మనుషులు కావాలి. మోటార్ తిరిగేది ఒకటి రెండు సెకన్లు, ఆ లోపు అంకె కనపడుతుందా?

కాజీపేట_వైరింగ్:
మ్యాక్స్ బటన్ ఉన్న మీటర్‌లో కనపడుతుంది. ఆటోనగర్ మెకానిక్‌లు చేతులెత్తేసిన బళ్లు చివరికి వచ్చేది నా దగ్గరికే. నాకు నేర్పొద్దు. లావు వైరు ఏదో, సన్న వైరు ఏదో తెలిసినవాడికి నీ బల్బు మంచిదే. తెలియనివాడికి అది చెప్పడం తప్పు, అందుకే అడ్డం వచ్చా.

జనగామ_పికప్:
నాకు దీనికి ఉల్టా. లైటు నిండుగా వెలిగేది, ముందు చక్రాలు మాత్రం తిరిగేవి కావు. అందరూ కరెంటు, కరెంటు అని నెలంతా వైర్లే విప్పారు. మా బండిలో ముందు యాక్సిల్‌ని కలిపేది వ్యాక్యూమ్, అంటే గాలి పీల్చే బలం. కరెంటు చేసేది సోలినాయిడ్ అనే వాల్వు తెరవడం వరకే. రబ్బరు పైపు వంపు దగ్గర పగిలింది, అంతే. ఆల్టర్నేటర్‌కి వ్యాక్యూమ్ పంపు ఉన్న డీజిల్ బళ్లలో బ్రేకు కూడా గట్టిపడితే ముందు పంపే చూడండి.

తాడ్వాయి_ట్రిప్పులు:
మేడారం జాతరకు వచ్చే బళ్లు చూస్తుంటా. జంపన్నవాగు ఇసుకలో ఫోర్ హై వేస్తారు, తారు రోడ్డు ఎక్కాక తీయరు. ముందు వెనక చక్రాల వేగం తేడాని సర్దే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండిలో ముందూ వెనకా షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. అప్పుడు నాబ్ తిప్పినా టూ వీల్‌కి రాదు, లైటు మినుకుతుంది. వైరింగ్ పోయిందని దారిలోనే విప్పిస్తారు. కొంచెం రివర్స్ చేస్తే చాలావరకు వదులుతుంది. ముందు కొత్త టైర్లు, వెనక అరిగినవి ఉన్నా ఇదే బాధ, చుట్టుకొలత తేడా వస్తుంది కదా. టైర్ల సంగతి అడిగితే ఒక్కరూ చెప్పలేదు.

నర్సంపేట_పాతజీపు:
లీవర్ బండిలో ఇవేవీ ఉండవు.

తాడ్వాయి_ట్రిప్పులు:
షాఫ్టు మెలిపడితే లీవర్ కూడా రాదన్నా. రెండు చేతులతో గుంజినా రాదు.

ములుగు_డీజిల్:
మా వాడిని నాబ్ దగ్గర కూర్చోబెట్టి కొలిచా. మాడ్యూల్ ఎర్త్ దగ్గర 1.6 వోల్టులు వచ్చింది. ఆ వైరు వెళ్లి డాష్ కింద బాడీకి బిగించిన చోట బోల్టు కింద మొత్తం తుప్పు. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించా, పైన గ్రీజు పూశా. ఇప్పుడు 0.1 వోల్టు. ఫోర్ హై టక్కున పడుతోంది, లైటు నిలిచి వెలుగుతోంది. లో మాత్రం ఇప్పటికీ పడట్లేదు. బండి ఆపి, క్లచ్ తొక్కే తిప్పుతున్నా.

కాజీపేట_వైరింగ్:
క్లచ్ తొక్కావని మాడ్యూల్‌కి తెలియాలి కదా. పెడల్ పైన చిన్న స్విచ్ ఉంటుంది, దాని కప్లర్ విప్పి స్విచ్ రెండు పిన్నుల మధ్య కంటిన్యుటీ (కరెంటు దారి కలిసిందా లేదా అని) మీటర్‌తో చూడు. తొక్కినప్పుడు, వదిలినప్పుడు తేడా రావాలి. రాకపోతే స్విచ్ మార్చు, చవకే. తేడా వస్తుంటే గేర్‌బాక్స్ మీద న్యూట్రల్ స్విచ్ కూడా ఇలాగే చూసి, ఏం వచ్చిందో ఇక్కడ పెట్టు.