కాంట్రాక్టులో బేసిక్ జీతం ఎంత ఉంది, తమ్ముడూ?

కంచిలి వైపు నుంచి, షార్జాకు కొత్త:

పెద్దలకు నమస్కారం. షార్జా వచ్చి పదకొండు రోజులైంది, వెల్డర్ పని. మొన్న మా సైటులో స్కాఫోల్డింగ్ మీద నుంచి ఒకతను పడి చనిపోయాడు. బరంపురం దగ్గరివాడు, మా క్యాంపులోనే పక్క బ్లాకు. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నాకే అలా జరిగితే ఇంటి దగ్గర భార్యకు, ఇద్దరు పిల్లలకు ఏమి వస్తుంది? కంపెనీలో అడగాలంటే భయంగా ఉంది.

సోంపేట నుంచి, దుబాయ్‌లో పంతొమ్మిదేళ్లు:

తమ్ముడూ, మన ఊళ్లలో ఈ మాట ఎత్తితే ‘శుభమా అని బయలుదేరుతూ ఆ మాటలేమిటి’ అని నోరు మూయిస్తారు. కొబ్బరి తోట తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టేటప్పుడు మాత్రం ఎవరికీ ఏ అశుభమూ గుర్తుకు రాదు. అడిగి మంచి పని చేశావు.

ముందు కాంట్రాక్టు తీసి బేసిక్ జీతం అన్న చోట అంకె చూడు. పని వల్ల మనిషి పోతే ఇక్కడి యూఏఈ చట్టం కుటుంబానికి ఇప్పించేది 24 నెలల బేసిక్. అది 18,000 దిర్హాములకు తగ్గకూడదు, 2,00,000 దాటకూడదు. పాత చట్టంలో పైపరిమితి 35,000 మాత్రమే. అలవెన్సులు, ఓవర్‌టైము ఈ లెక్కలోకి రావు. నెలకు 1,600 ఇస్తూ బేసిక్ 600 అని రాశారనుకో, 24 నెలలకు 14,400. కనీసం ఇంత అని చట్టం పట్టుబట్టింది కాబట్టి 18,000 ఇస్తారు. ఆ 1,600 మొత్తం బేసిక్‌లోనే ఉంటే 38,400 వచ్చేది. చేతికొచ్చే జీతం ఒకటే, కాగితం మీద అంకె వేరు. ఏజెంటు ఈ సంగతి చెప్పడు, మనమూ అడగం.

గ్రాట్యుటీ (పని చేసిన ఏళ్లను బట్టి చివర్లో ఇచ్చే డబ్బు), రావలసిన జీతం వేరే లెక్క. వాటిని పది రోజుల్లోగా ఇంటివాళ్లకు చెల్లించాలి. శవాన్ని ఊరికి పంపే ఖర్చు కూడా కంపెనీదే. డబ్బు ఎవరికి చేరాలో బతికుండగానే కంపెనీకి రాసివ్వవచ్చు. నీ భార్య పేరు రాసిచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకో.

నీది పదో తరగతి పాస్ కాని వాళ్లకిచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టైతే (పనికి విదేశం వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి కావలసినది), ప్రభుత్వ వెబ్‌సైటు ఈమైగ్రేట్ ద్వారా వచ్చి ఉంటే, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా ఉంటుంది. కంపెనీ మారినా అది చెల్లుతుంది. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఉందో, ఏజెంటు దగ్గరే ఉండిపోయిందో కనుక్కో. విజిట్ వీసా మీద వచ్చి ఉంటే మాత్రం ఆ బీమా లేదు, కాంట్రాక్టూ లేదు. ఆ సంగతి నాకు విడిగా రాయి.

ఇంకొకటి చెప్పాలి. 2011 జూలైలో మా గదిలో ఉండే మందసవాడు మధ్యాహ్నం రెండింటికి సైటులో కుప్పకూలాడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదు. అయినా చేయించారు. కాగితంలో ‘గుండె ఆగింది, సహజ మరణం’ అని రాశారు. సహజ మరణానికి పరిహారం లేదు. ఇంటికి వెళ్లింది గ్రాట్యుటీ ఒక్కటే. ఎండలో పని చేయించారని చెప్పగలిగిన వాళ్లం ఆరుగురం ఉన్నాం. ఎవరమూ నోరు విప్పలేదు. అందులో నేనూ ఉన్నాను.

పలాస నుంచి, దోహా:

ఖతార్‌లో జీతంతో సంబంధం లేదు. పనిలో చనిపోతే 2,00,000 రియాళ్లు, మేస్త్రీకైనా హెల్పర్‌కైనా ఒకటే. దేశం దాటితే లెక్క మారుతుంది, విన్నది విన్నట్టు నమ్మకండి.

ఇచ్ఛాపురం నుంచి, సింగపూర్:

ఇక్కడ తప్పు ఎవరిదని చూడరు. 2025 నవంబరు నుంచి మరణానికి కనీసం 91,000, ఎక్కువలో ఎక్కువ 2,69,000 సింగపూర్ డాలర్లు. ఏడాదిలోగా క్లెయిము వేయాలి.

టెక్కలి నుంచి, అబుదాబీలో నర్సు:

తమ్ముడూ, డబ్బు మంజూరైనా కాగితాల దగ్గర ఆగిపోతుంది. మా చిన్నాన్న కొడుకు పోయినప్పుడు మా వదిన ఏడు నెలలు తిరిగింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరం. పెళ్లి కాకముందు తీసిన పాస్‌పోర్టు కాబట్టి భార్య పేరు లేదు. పెళ్లి రిజిస్టరు చేయించలేదు. ఈమే భార్య అని ఊరంతటికీ తెలుసు, కాగితానికి తెలియదు. పెళ్లి ఇప్పుడే రిజిస్టరు చేయించు, పేర్లు ఒకేలా సరిచేయించు. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తర్వాత ఎలాగూ కావాలి. ఎవరైనా పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం పెట్టమంటే చదివించుకోకుండా పెట్టవద్దని మీ ఆవిడకు చెప్పు. మా వదిన పెట్టబోయింది, చివరి నిమిషంలో ఆపాం.

కంచిలి నుంచి:

అన్నయ్యా, కాంట్రాక్టు చూశాను. మొత్తం 1,500, బేసిక్ 750. లెక్క వేస్తే సరిగ్గా 18,000. ఫోటో తీసి ఇంటికి పంపాను. అక్కా, పాస్‌పోర్టులో భార్య పేరు ఉంది, పెళ్లి రిజిస్టరు మాత్రం లేదు.

ఇంకో విషయం రాయలేదు. అతను పడినప్పుడు నేను కిందే ఉన్నాను. బెల్టు వేసుకున్నాడు, కానీ తగిలించడానికి పైన తాడు కట్టలేదు. బెల్టు వేసుకోకుండా ఎక్కాడని ఫోర్‌మన్ అంటున్నాడు. వాళ్ల బావ అజ్మాన్ నుంచి వచ్చి అందరినీ అడుగుతున్నాడు. నేను ఏమీ చెప్పలేదు.

సోంపేట నుంచి:

చెప్పాలి. భద్రతా సూచనలను కావాలని ఉల్లంఘించాడని తేల్చేస్తే పరిహారమే పోతుంది, ఫోర్‌మన్ మాట అక్కడికే వెళుతుంది. ఎవరి నిర్లక్ష్యమో కోర్టులో రుజువైతే దియా (పోయిన ప్రాణానికి కట్టించే సొమ్ము) కింద 2,00,000 దిర్హాములకు దారి ఉంది. రెండూ పోలీసు రిపోర్టు మీదే ఆధారపడతాయి.

కాన్సులేట్ సహాయ కేంద్రం నంబరు 800 46342, ఫోను ఉచితం. హిందీలో మాట్లాడతారు. చూసినది మాత్రమే చెప్పు. అరబ్బీ కాగితం మీద అనువదించి చదివించాకే సంతకం పెట్టు. వాళ్ల బావ నంబరు నాకు పంపించు. రేపు ఆదివారం, నాకు సెలవు. ఏ పోలీస్ స్టేషనో కనుక్కుని రాయి, ఉదయం తొమ్మిదికి గేటు దగ్గర ఉంటాను.